చంకలో మోస్తున్న సద్ది

అక్కా, నీ చంక కింద మోస్తున్న సద్ది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో నీకు తెలుసా?

తెలియదు. దవాఖానలో చెప్పరు, పంపకాల కొట్టులో చెప్పరు. ఈ గనిలో ఆ సంగతి పేర్లతో సహా రాసిపెట్టుకున్నది నేను ఒక్కదాన్నే. ఎనిమిదేళ్ళు రాశాను, మొన్నటిదాకా ఒక్కసారి కూడా మొదటినుంచి చదవలేదు.

నేను తబితను. మూడో లెవల్ దీపాల గదిలో దీపాలిచ్చే మనిషిని. ఆదివారం రెండో సైరన్ తర్వాత అదే గదిలో వాక్యం చెప్పేదాన్ని. ఏ పాస్టరు దగ్గరా చదువుకోలేదు. అట్టలు ఊడిన మా అమ్మ గ్రంథం ఒక్కటే నా బడి. కిందివి నా రోజువారీ పుస్తకంలోని పుటలు. చింపి ఈ గోడకు అంటిస్తున్నాను. ఒక్క మాట దిద్దలేదు, నా తప్పు ఎక్కడుందో అక్కడే ఉంచాను. తేదీలు మనమందరం లెక్కపెట్టుకునే తీరులోనే ఉన్నాయి. పైన ఎండ ముదిరి గని నోరు మూసే రోజుకు ఇంకా ఎన్ని రోజులని.

మూతకు 38 రోజులు

పొద్దున నూట పదకొండు దీపాలు ఇచ్చాను. దీపం తీసుకున్న ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ నా గోడకు తగిలించి పైకి పోయాడు. మూతకు ముందు జొన్న కోత ముగియాలి. తిరిగొచ్చి దీపం ఇచ్చాక బిళ్ళ తీసుకుంటారు. గోడ మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా రావలసి ఉందని గుర్తు.

మార్తమ్మ బిళ్ళను మాత్రం డాక్టరమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నజ్మా డాక్టరు ఐదో గని నుంచి మన దగ్గరికి వచ్చి మూడేళ్ళయింది.

"పోయిందా?" అన్నాను.

"పొద్దున పోయింది. రొమ్ముల గడ్డ ఊపిరితిత్తులదాంక పాకింది." బిళ్ళను నా వైపు జరిపింది. "తబితక్కా, ఒక మాట. మార్తమ్మ సద్ది ఎవరికీ పెట్టొద్దు. పంపకాల ఓదెలన్నకు జెప్పిన. నువ్వు అప్పగింత ప్రార్థన చెయ్యకు."

"ఎందుకట?"

"అనుమానం ఉన్నది. రుజువు ఇంక లేదు."

నాకూ అనుమానం ఉంది. ఆమె మీద.

మూడో లెవల్లో అందరికన్నా బరువైన సద్ది, చంక కింద కుట్టిన కొవ్వు, మార్తమ్మది. పక్షవాతంతో పోయిన నీలమ్మ సద్ది పెట్టొద్దని ఈమె అనలేదు. బండ జారి పోయిన వీరమ్మది పెట్టొద్దని అనలేదు. ఈ ఒక్కదాని మీదనే కన్ను పడింది. వరసలో తర్వాతి పేరు మా ఎస్తేరుది. మా చెల్లెలు పోయినప్పటి నుంచి నా చేతుల మీద పెరిగిన పిల్ల. పోయిన మూత నాలుగు నెలలూ సద్ది లేకుండా గడిపి, ముప్పై ఎనిమిది కిలోలకు దిగి, కడుపులో ఉన్నది నిలవక పోగొట్టుకున్న పిల్ల. ఆ పిల్ల నోటి కాడి ముద్ద లాగడానికి రుజువు లేని అనుమానం సరిపోతుందా?

మూతకు 36 రోజులు

ఎస్తేరు పుట్టగొడుగుల అరల దగ్గర నుంచి నేరుగా వచ్చింది. చేతులు మట్టివాసన. నా గిన్నెలో జావ సగం తాగేసింది, అడగకుండానే.

"పెద్దమ్మా, డాక్టరమ్మ నాకు సద్ది వద్దంటున్నదట నిజమేనా?"

"నిజమే. ఆ సద్ది ఎటు పోతుందో కనిపెడతాను. పెద్దలు ఉండే రెండో లెవల్లో వాళ్ళ ఆడవాళ్ళకు కావాలేమో."

"నీకు అనుమానం రాని మనిషి ఈ గనిల ఒక్కరన్న ఉన్నరా?"

"ఉన్నాడు. చచ్చి మూడో రోజున లేచినవాడు ఒక్కడు."

నవ్వింది. నవ్వితే ఆ పిల్ల బుగ్గలు లోపలికి పోతాయి. ఇరవై నాలుగేళ్ళకు ఆ బుగ్గలు అలా పోకూడదు.

సద్ది రాకముందు మూత నెలలు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా చిన్నప్పుడు మూత తీసేసరికి ప్రతి గదుల వరసలో ముగ్గురు నలుగురు పోయి ఉండేవారు. తర్వాత గాజు తొట్టిలో కొవ్వు పెంచడం వచ్చింది. పిడికెడు కొవ్వును ఒంట్లో కుడితే, కోతల నెలల్లో తిన్నది అందులో చేరుతుంది. మూత నెలల్లో రోజుకో విడుపు గోళీ వేసుకుంటే అది కరిగి నెత్తుట్లోకి వచ్చి మనిషిని నిలబెడుతుంది. మగవాళ్ళకు నడుము వెనక కుట్టారు. ఆడవాళ్ళకు రొమ్ము పక్కన, చంక కింద. వంగి పనిచేసేటప్పుడు అడ్డు రాదని, నెత్తురు బాగా అందుతుందని. ఎనిమిదేళ్ళ కింద తొట్టి పగిలింది. విత్తనం పోయింది. అప్పటినుంచి పోయినవాళ్ళ సద్ది తీసి, రెండు ముక్కలు చేసి, ఉన్నవాళ్ళకు పెడుతున్నాం. దానికి అప్పగింత అని పేరు పెట్టింది నేనే. నూనె రాసి ప్రార్థించేది నేనే.

మూతకు 33 రోజులు

డాక్టరమ్మ వెనక నడిచాను. దాచడం ఎందుకు, నా దీపం ఆర్పుకుని మరీ నడిచాను.

మూడు రోజులుగా ఆమె స్టీలు టిఫిను డబ్బా గుడ్డలో చుట్టి రెండో లెవల్‌కు తీసుకుపోతోంది. ఎవరూ వాడని పాత పంపు గదిలోకి పోయి లోపలి నుంచి గడియ వేసుకుంటుంది. ఈరోజు తలుపు సందులోంచి వాసన వచ్చింది. స్పిరిటు వాసన, దాని వెనక కొవ్వు వాసన.

కొవ్వు. మార్తమ్మ ఒంట్లోంచి తీసిన కొవ్వు టిఫిను డబ్బాలో పెద్దల లెవల్‌కు పోతోంది. అక్కడ ఎవరికి కుడుతోందో.

ఓదెలన్నకు చెప్పాను. ఓదెలన్న పంపకాల పెద్ద. ఎవరికి ఎన్ని గిన్నెల జావ, ఎవరికి ఏ సద్ది అన్నది ఆయన మాట.

"నాకు గూడ ఆమె నచ్చదు తబితమ్మా," అన్నాడు. "ప్రతిదానికి ఆగుమంటది. మూత ఆగుతదా? నువ్వు ఆదివారం నాలుగు ముక్కలు జెప్పు. జనం ఊ అంటే కాంపౌండరుతోని పెట్టిస్త."

మూతకు 27 రోజులు, ఆదివారం

చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను.

ఏడు బలిసిన ఆవులు, ఏడు బక్క ఆవులు. బలిసిన ఏళ్ళలో దాచినవాడు బక్క ఏళ్ళలో దేశాన్ని బతికించాడు. మన కొట్టు మన ఒంట్లోనే ఉంది, తాళం మన చర్మమే, దాన్ని మన ఆడబిడ్డల నుంచి లాక్కునేవాళ్ళు ఎవరు, చీకట్లో డబ్బాలో ఏం మోస్తున్నారు అని అడిగాను. ఆమె పేరు ఎత్తలేదు. అందరూ తలలు తిప్పి ఆమెనే చూశారు. దీపాల గది చివర తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెది వేరే ప్రార్థన, అయినా వాక్యం వినడానికి వస్తుంది. ఈరోజు మధ్యలో లేచిపోలేదు. చివరిదాకా విన్నది.

వాక్యం అయ్యాక కాంపౌండరు పని పూర్తి చేశాడు. మార్తమ్మ సద్దిలో ఒక ముక్క సుందరమ్మకు, ఒక ముక్క ఎస్తేరుకు. ఇద్దరి చంకల కిందా నేనే నూనె రాశాను. ప్రార్థన పుస్తకంలో రాశాను: మార్తమ్మ భాగము ఎస్తేరునకు అప్పగించబడినది.

ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని, "ఈసారి నిలుస్తది పెద్దమ్మా," అంది. దేని గురించో నేను అడగలేదు.

మూతకు 26 రోజులు

డాక్టరమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. బల్ల మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా అంది.

"నా టిఫిను డబ్బల ఏమున్నదో చూస్తవా?"

"చూపిస్తే చూస్తాను."

"అడిగితే మొదటి రోజే చూపించేదాన్ని. నా వెనక దీపం ఆర్పుకొని నడుసుడు ఎందుకు? ఆ దారిల కంకర ఉన్నది, మోకాలు పగుల్తది."

నా మోకాలు నిజంగానే పగిలి ఉంది. ఆమె వెంట నడిచాను.

పంపు గదిలో మంచం లేదు, కుట్టే సూదులు లేవు, పెద్దల ఆడవాళ్ళు లేరు. ఒక బల్ల, పాత భూతద్దపు యంత్రం, గాజు పలకలు. దవాఖానలో గాలి పంఖా అదురు వల్ల అద్దం నిలవదట, ఇక్కడ బండ కదలదు. అందుకని ఇక్కడ. గడియ ఎందుకంటే, తలుపు తీస్తే పొడి పడుతుందట.

కన్ను పెట్టి చూడమంది.

"ఇది మార్తమ్మ సద్దిలనే, గడ్డకు దూరం ముక్క. ఎట్ల కనబడ్తున్నది?"

"నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉంది. గుండ్రంగా, నిండుగా."

పలక మార్చింది. "ఇది గడ్డను ఆనుకొని ఉన్న ముక్క."

సగ్గుబియ్యం లేదు. పిండేసిన తిత్తులు ఉన్నాయి. వాటి మధ్య నార, ఎండిన పీచులా, వరసలు వరసలుగా. ఆ వరసల వెంట నల్లగా చుక్కలు, చీమలు బారు తీరినట్టు.

"నూనె ఎటు వోయింది?" అని నన్నే అడిగింది.

నేను దీపాల మనిషిని. నూనె ఎటుపోయిందో నాకు చెప్పనక్కరలేదు. నూనె వెలిగే దానికే పోతుంది.

"గడ్డకు," అన్నాను.

"నేనూ గట్లనే అంటున్న. గడ్డ పక్కనున్న కొవ్వును మచ్చిక చేస్కుంటది. కొవ్వు తన నూనె దానికి తోడిపోస్తది. కొవ్వంటే ఊరికె సంచి గాదక్కా. నెత్తుట్లకు కబుర్లు పంపుతది. ముట్టు ఆగిన ఆడదానికి ఆడ హార్మోను ఎక్కువ తయారయ్యేది కొవ్వులనే, శానా గడ్డలకు ఆ హార్మోనే ఎరువు. కొవ్వు వాచిందనుకో, ఆ వాపు గూడ గడ్డకే పనికొస్తది. ఆఖరికి ఇట్ల నారలెక్క గట్టిపడి, గడ్డ పాకెటందుకు దారి ఏస్తది. ఆ నల్ల చుక్కలు ఏందనుకున్నవ్? దారిల పడ్డయి అవి."

"అంటే ఒళ్ళున్న ప్రతి ఆడదానికీ గడ్డ వస్తుందా?"

"రాదు. బక్కోళ్ళకు రాదని గూడ లేదు. గడ్డ ఎందుకు పుడ్తదో ఒక్క ముక్కల నేను జెప్పలేను. పుట్టినంక దానికి ఎవరు అన్నం పెడుతున్నరో, అది చూపిస్తున్న."

బయటికి వచ్చేముందు అడగాల్సింది అడిగింది. గడ్డకు అన్నం పెట్టడం అలవాటైన కొవ్వు, ఇంకో ఒంట్లోకి మారితే ఆ అలవాటు మరుస్తుందా? అక్కడ ఎప్పటికీ పెరగకుండా ఉండిపోవలసిన గడ్డ నలుసు ఒకటి ఉంటే దానికీ పెడుతుందా? ఇది తేలాలంటే ఎవరి సద్ది ఎవరికి పోయిందో కావాలి. దవాఖాన యంత్రంలో బరువులే ఉన్నాయి. సద్ది అందరిదీ కాబట్టి పేర్లు రాయొద్దని పెద్దలు ఎప్పుడో తీర్మానించారు.

"పేర్లు నీ ప్రార్థన పుస్తకంల ఉన్నయట గద," అంది.

ఉన్నాయి. దేవుని ముందు మనిషిని బరువుతో పిలవలేం. పేరుతోనే పిలవాలి.

"ఇవ్వను," అన్నాను. అద్దంలో చూపించినది నిజమే కావచ్చు. అద్దం ఆమెది, పలకలు ఆమెవి. పుస్తకం నాది.

మూతకు 25 రోజులు

ఆమె చదివితే తన మాటే చదువుకుంటుంది, నేనే చదువుతాను అని మొదలుపెట్టాను. దీపాలు పైకి పోయాక, గది ఖాళీగా ఉన్నప్పుడు, మొదటి పుట నుంచి.

ఎనిమిదేళ్ళలో ఇరవై అప్పగింతలు. మొదటి పుట మా అమ్మది.

మా అమ్మ శాంతమ్మ. తొట్టి పగిలిన ఏడే పోయింది. రొమ్ములో పుండు. గడ్డ తీసేశారు, సద్ది శుభ్రంగా ఉందన్నారు, వృథా పోకూడదన్నారు. ఒక ముక్క నాకు, ఒక ముక్క నా స్నేహితురాలు రాహేలుకు పెట్టారు. మా అమ్మ నాలో ఉందని ఆ రోజు ఏడ్చాను, సంతోషంతో.

రాహేలు మూడేళ్ళకు పోయింది. రొమ్ము. ఆమె సద్ది మార్తమ్మకు, లూదియకు.

లూదియ నిరుడు పోయింది. రొమ్ము. ఆమె సద్ది బుజ్జమ్మకు, కొమురమ్మకు.

మార్తమ్మ ఈ నెలలో పోయింది. ఆమె సద్ది సుందరమ్మకు, ఎస్తేరుకు.

మిగతా పుటలు కూడా చదివాను. పక్షపాతం ఉండకూడదు కదా. బండ జారి పోయినవారిది, పక్షవాతంతో పోయినవారిది, కాన్పులో పోయినవారిది. వాళ్ళ సద్ది పన్నెండు మందిలో ఉంది. ఆ పన్నెండు మందిలో రొమ్ము గడ్డ వచ్చింది ఒక్క నర్సమ్మకు. మా అమ్మ వరసలో వచ్చింది రాహేలుకు, లూదియకు, మార్తమ్మకు. ముగ్గురూ పోయారు.

నాలుగు పుటల్లోనూ చేతిరాత నాదే. "అప్పగించబడినది" అని ప్రతిసారీ ఒకే తీరుగా, సున్నా గుండ్రంగా.

రెండో లెవల్‌ను అనుమానించాను, టిఫిను డబ్బాను అనుమానించాను, వేరే ప్రార్థన చేసే మనిషిని అనుమానించాను. నూనె గిన్నె పట్టుకున్న నా చేతిని అనుమానించలేదు.

మూతకు 24 రోజులు

పుస్తకం తీసుకుని పోయి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె గర్వపడలేదు, ఎత్తిపొడవలేదు. రెండుసార్లు చదివింది. తర్వాత అంది, "ఇంత చిన్న లెక్కతోని ఖాయంగ జెప్పలేనక్కా. కని నా బిడ్డ అయితే ఒక్క రోజు గూడ ఉంచను."

తర్వాత నా వైపు చూసింది. "మొదటి ముక్క నీ దగ్గర్నే ఉన్నది గద. జాకెట్ విప్పు."

ఎనిమిదేళ్ళు ఇతర ఆడవాళ్ళ చంకల కింద నూనె రాశాను. నా చంక కింద నేనెప్పుడూ తడిమి చూసుకోలేదు. మా అమ్మ అక్కడ ఉందనుకునేదాన్ని.

ఆమె వేళ్ళు ఒకచోట ఆగాయి. ముందుకు పోయి మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"శనగగింజంత," అంది. "కదుల్తున్నది. చంకల గ్రంథులు వాచలే. ఇప్పుడు తీస్తే మంచి అవకాశం ఉన్నది."

"ఎనిమిదేళ్ళు నన్నెందుకు వదిలిపెట్టింది?"

"నాకెర్కలేదు. తెలిసినట్టు నటించను."

ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఇన్నేళ్ళ వాక్యంలో తెలియదన్న మాట నేను ఎప్పుడూ అనలేదు.

మూతకు 22 రోజులు

ఎస్తేరుకు చెప్పాను. వెంటనే తీయించుకోమన్నాను.

పుట్టగొడుగుల బుట్ట కింద పెట్టలేదు. నిలబడే వింది.

"పోయిన ఆదివారం ఏం జెప్పినవ్?"

"తప్పు చెప్పాను."

"ఈ ఆదివారం జెప్పేది ఒప్పని ఎట్ల నమ్మాలె? నాకు గడ్డ లేదు. డాక్టరమ్మ చూసింది, లేదన్నది. గడ్డ వస్తదేమో. ఆకలి మాత్రం వస్తది, ఇరవై రెండు రోజులల్ల వస్తది. నీకెర్కనా పెద్దమ్మా, పోయిన మూతల నేను గోడ సున్నం గీక్కొని తిన్న. నీకు జెప్పలే."

నాకు తెలియదు. ఆ పిల్ల నా పక్క గదిలోనే ఉంటుంది.

ఓదెలన్న దగ్గరికి పోయాను. ఐదుగురికి సద్ది తీయాలి, మూత నెలల్లో ఆ ఐదుగురికీ జావ పెంచాలి అన్నాను.

"యాడికెల్లి తెస్త?" అన్నాడు. "తలకు రెండు గిన్నెలు. సద్ది ఉన్నదని రెండుతోని సరిపెట్టిన. సద్ది తీసినోళ్ళకు నాలుగు కావాలె."

"మగవాళ్ళ సద్ది నడుము మీద ఉంది. గాజు తొట్టి నాటిది, ఎవరి నుంచీ రాలేదు. మగవాళ్ళు తలకు రోజుకో గుక్కెడు వదిలితే ఐదుగురూ బతుకుతారు."

"మగోళ్ళు ఒప్పుకోరు."

"నువ్వు ముందు ఒప్పుకో. నీ నడుము చూస్తే మూడు మూతలకు సరిపడా ఉంది."

కొట్టులో ఉన్న కోత మనుషులు పక్కకు తిరిగి దగ్గారు. ఓదెలన్న పైకండువా కిందికి లాక్కున్నాడు. "పోయిన వారం సద్ది దేవుని కొట్టు అన్నది నువ్వే గద తబితమ్మా. ఇప్పుడు దేవుడు మాట మార్చిండా?"

తిరిగి వచ్చి గ్రంథం తెరిచాను.

మూతకు 20 రోజులు

జవాబు గ్రంథంలోనే ఉంది. ఎన్నిసార్లు దాటుకుంటూ పోయానో ఆ పుటను. బలుల సంగతి, మనకెందుకులే అని.

బలిసిన ఆవుల మాట ఒకచోట ఉంది. నిజమే. అయితే ధాన్యాన్ని కొట్లలో దాచమన్నాడే గాని కొవ్వును దాచమనలేదు. కొవ్వు మాట వేరేచోట చాలా స్పష్టంగా ఉంది. మూత్రపిండాల మీది కొవ్వు, నడుము మీది కొవ్వు, అంతా దేవునిదే. తినకూడదు, పంచుకోకూడదు, ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇది కట్టడ. పీఠం మీద పెట్టి కాల్చాలి. దేవునిదాన్ని నేను పంచాను. పేరు పేరునా పిలిచి మరీ పంచాను.

ఈరోజు ఆదివారం. దీపాల గది నిండింది. అరవలేదు. పుస్తకం తెరిచి నాలుగు పుటలు చదివాను, అంతే. మా అమ్మ పేరు దగ్గర మొదలుపెట్టి ఎస్తేరు పేరు దగ్గర ఆపాను. తర్వాత డాక్టరమ్మను ముందుకు పిలిచి, జనం ఎదుట క్షమాపణ అడిగాను. ఆమె తల ఊపింది. "మోకాలు తగ్గిందా?" అంది. నవ్వింది ఆమె ఒక్కతే.

గద్దింపు లేని వాక్యం జనానికి కొత్త. తర్వాత మార్తమ్మ పెనిమిటి ఐలయ్య లేచాడు. భార్య పోయి పద్దెనిమిది రోజులు.

"నా జావ సగం రాసుకో ఓదెలన్నా," అన్నాడు. "నాకెట్లనో లోపలికి పోతలేదు."

వెనక వరసలో ఇంకొకరు లేచారు. తర్వాత ఇద్దరు. లెక్కపెట్టలేదు నేను. ఓదెలన్న లేచినవాళ్ళను వేలితో లెక్కపెట్టి అన్నాడు. "సరే. నాలుగు గిన్నెలు. కని మూతకు ముందే కుట్టు మానాలె. పుండు మానకుంట మూత పడితే ఎవ్వరినీ కాపాడలేను. పుండు మానాలంటే పదిహేడు రోజులంటది డాక్టరు. లెక్క మీరే చూసుకోండ్రి."

చూసుకున్నాను. ఇరవైలో పదిహేడు పోతే మూడు.

మూతకు 19 రోజులు

సద్ది తీయించుకోవడానికి బల్ల ఎక్కేవాళ్ళ బిళ్ళ కూడా నా గోడ మీదే తగిలించాలని కొత్త పద్ధతి పెట్టాను. పై వరసలో ఐదు మేకులు కొట్టాను. మొదటి మేకుకు నా బిళ్ళ తగిలించి, దీపాల పని పక్క గది లచ్చుమమ్మకు అప్పజెప్పాను. ఈరోజు మధ్యాహ్నం సైరన్‌కు నా వంతు.

గదిలోంచి బయలుదేరుతుంటే ఎస్తేరు వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది, ఏడ్చిందో లేదో తెలియలేదు.

"ముందు నువ్వు పో," అంది. "లేచి నడిస్తే నేను ఎక్కుత."

"నేను లేవకపోతే?"

"అప్పుడు గూడ ఎక్కుత. కని నీ మీద కోపంతోని ఎక్కుత."

తన బిళ్ళ తీసి నా బిళ్ళ పక్క మేకుకు తగిలించింది. ఇత్తడి గోడకు తగిలి చిన్నగా మోగింది. అదే బిళ్ళను మూడుసార్లు ముట్టుకుని చూసింది, తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. నాలుగు గిన్నెలు నిజమేనా అని మళ్ళీ అడిగింది. నిజమే అన్నాను. సున్నం మాట ఇక ఎప్పుడూ దాచవద్దన్నాను.

తీసిన సద్ది ఎవరికీ పోదు. డాక్టరమ్మకు అద్దం కింద పెట్టడానికి కొంచెం కావాలి, మిగిలింది కొలిమిలో పడుతుంది. ఈసారి అప్పగింత నిప్పుకే.

ఇప్పుడు నీ మాట.

బుజ్జమ్మా, నీ ఎడమ చంక కింద ఉన్నది లూదియది. కొమురమ్మా, నీ కుడి చంక కింద ఉన్నదీ లూదియదే. సుందరక్కా, నీది మార్తమ్మది, కుట్టు ఇంకా పచ్చిగానే ఉంది. వీటన్నిటికీ మొదలు మా అమ్మ, మధ్యలో నా చేతులు. నన్ను తిట్టదలచుకుంటే తిట్టండి, బల్ల మీద పడుకుని తిట్టండి. ఐదు మేకుల్లో మూడు ఖాళీగా ఉన్నాయి. పదిహేడు రోజుల లెక్కలో ఎల్లుండితో గడువు సరి, రోజుకు ఇద్దరికన్నా ఎక్కువ మందిని ఆమె చెయ్యలేదు. ఈరోజు నేను, ఎస్తేరు. రేపు ఇద్దరు, ఎల్లుండి ఒకరు. మీలో ఎవరు రేపో ఈరోజే తేల్చుకోండి.

వరసలో లేని అక్కలారా, మీకూ చెబుతున్నాను. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఈ కాగితం చదవడం ఆపి, ఆ మూల తెర వెనక్కి పోయి, మీ వేళ్ళతో మీ రొమ్ము, మీ చంక తడిమి చూసుకోండి. నిన్న లేనిదేదైనా చేతికి తగిలితే నా దగ్గరికి రావద్దు, ప్రార్థనకు రావద్దు, పంపు గదికి పోండి. తలుపు గడియ వేసి ఉంటే కొట్టండి, ఆమె తీస్తుంది.

మధ్యాహ్నం సైరన్ మోగేలోపు మీ బిళ్ళ తెండి. మేకులు చెయ్యి అందే ఎత్తులోనే కొట్టాను.